లక్కయింటి ఏదుపంది: పసిపిల్లలకు అగ్నిభద్రతను నేర్పు జంతుకథలపై ఒక పరిశీలన

పెదకాకాని మల్లేశ్వరాలయపు స్థలపురాణమున అగ్నియు కలదు, పక్షియు కలదు. భరద్వాజమహర్షి అచ్చట యజ్ఞము చేయుచుండగా ఒక కాకి వచ్చి హవిస్సును ముట్టెననియు, మహర్షి వారింపగా అది తన శాపవృత్తాంతమును చెప్పుకొని ఆయన అనుగ్రహమున విముక్తి నొందెననియు, ఆ కాకి వలననే గ్రామమునకు కాకాని యను పేరు కలిగెననియు చెప్పుదురు. ఈ నామనిర్వచనము సాధువా కాదా యని తేల్చుట ఇచ్చట మా పని కాదు. మాకు కావలసినది ఒక్క అంశమే. మండుచున్న గుండమునొద్దకు ఒక ప్రాణి వచ్చుట, దానికేమగునో యని వినుచున్న పిల్లవాడు ఊపిరి బిగపట్టుట - కథకు ఇంతకంటె పురాతనమైన సామగ్రి లేదు.

ఈ సామగ్రినే నేటి బొమ్మలపుస్తకములు వేరొక ప్రయోజనమునకు వినియోగించుచున్నవి. అగ్గిపెట్టెతో ఆడరాదు, పొగ క్రమ్మినచో నిలువబడక నేలబారున ప్రాకిపోవలెను, బట్ట అంటుకొన్నచో పరుగెత్తక నేలపై పడి దొర్లవలెను, వెలుపలికి వచ్చిన పిమ్మట ఎంత ముద్దుల బొమ్మకొరకైనను మరల లోనికి పోరాదు. ఈ మాటలను నాలుగైదేండ్ల పిల్లలకు ఎలుగుబంటిచేతను, కుక్కచేతను, కుందేలుచేతను చెప్పించుట ఆ పుస్తకముల పద్ధతి. వీనిని సాహిత్యముగా నెంచి విమర్శింపవలెనా యని మిత్రులు కొందరు మమ్ము అడిగిరి. ప్రయోజనమునకై పుట్టినదనుటచే ఒక రచనను వెలివేసినచో ముందుగా పంచతంత్రమునే వెలివేయవలసి వచ్చును. చదువురాని రాజకుమారులను ఆరుమాసములలో నీతిజ్ఞులను జేయుదునని విష్ణుశర్మ పూనుకొన్నట్లు ఆ గ్రంథమే చెప్పుకొనుచున్నది గదా. కావున ప్రయోజనము కలిగియుండుట దోషము కాదు. ఆ ప్రయోజనమునకు కథ సరిపోయినదా లేదా యనునదే విచారింపవలసినది.

ఈ విచారణ వట్టి పాండిత్యవినోదము కాదు. 2004 జులై 16న తమిళనాట కుంభకోణములోని ఒక పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండుచున్న తాటాకు వంటశాలనుండి నిప్పు ఎగసి, పైయంతస్తుననున్న తరగతుల ఆకుకప్పు అంటుకొని, 94 మంది పిల్లలు మరణించిరి. చాలవరకు ప్రాథమిక తరగతుల పిల్లలే. ఆనాడు ఆ పిల్లలకు ఏదో ఒక పాఠము తెలిసియుండినచో బ్రదికియుండెడివారని మేము చెప్పబోము. ఆకుకప్పు వేసినది పిల్లలు కారు. మెట్లదారిని ఇరుకుగా కట్టినది పిల్లలు కారు. పిల్లలకు నేర్పుట అనునది పెద్దల బాధ్యతకు ప్రత్యామ్నాయము కాజాలదు. దీనిని ముందే చెప్పుకొనుట మంచిది. ఏలయన ఈ జాతి పుస్తకములలో పెక్కు, తెలిసియో తెలియకయో, భారమునంతయు నాలుగేండ్ల బిడ్డ తలకెత్తుచున్నవి.

మేము గైకొన్న కొలబద్ద ఇది. సామాన్యముగ జంతుకథను చదివినవారు, దీని నీతి యేమి? అని యడుగుదురు. అగ్నిభద్రతను నేర్పు కథవిషయమున ఆ ప్రశ్న చాలదు. పుస్తకము మూసినపిమ్మట, ఒకనాటి రాత్రి ఇల్లు పొగతో నిండినప్పుడు, ఆ పిల్లవాని కాలు ఏ దిక్కునకు కదలును? అని యడుగవలెను. నీతి బుద్ధిలో నిలుచును. భద్రత యన్ననో కాలిలోను, మోకాలిలోను, మోచేతిలోను నిలువవలెను. ఒకటి ఆలోచన, వేరొకటి అభ్యాసము. జంతుకథ సహస్రాబ్దములుగా మొదటిదానికి అలవాటుపడిన ప్రక్రియ. దానిచేత రెండవపని చేయించుట అనుకొన్నంత సులభము కాదు.

పాశ్చాత్యదేశములందు ఈ ప్రయత్నము పాతదే. ఫ్రాంక్‌ఫర్టు నగరమున హైన్రిఖ్ హోఫ్‌మన్ అను వైద్యుడు తన చిన్నకుమారునికొరకు తానే బొమ్మలు గీచి కూర్చిన పుస్తకము 1845లో అచ్చయ్యెను. అందులో ఒక బాలిక ఇంట నొంటరిగా నుండి అగ్గిపుల్లలతో ఆడును. ఇంటి పిల్లులు రెండు ముందుకాళ్లెత్తి వలదని వారించును. ఆమె వినదు. కాలి బూడిదయగును; చెప్పులు మాత్రము మిగులును. పిల్లులు ఆ బూడిదప్రక్క కూర్చుండి ఏరు పారునట్లు ఏడ్చును. బొమ్మలపుస్తకమున జంతువులచేత అగ్నిని గూర్చి చెప్పించిన తొలి ప్రసిద్ధరచనలలో ఇది యొకటి. కళాదృష్టితో దానిని తీసివేయలేము. పిల్లులు ఏడ్చు ఆ చివరి బొమ్మను చూచినవారు దానిని మరువరు. కాని మా కొలబద్దతో చూచినచో, ఆ పిల్లులు తెలిసినవే గాని ఏమి చేసినవి? ముందు ఉపదేశించినవి, తరువాత ఏడ్చినవి. నడుమ, మంట అంటుకొన్న క్షణమునుండి అంతా ముగియువరకు, చేయవలసిన పని యేదియు పుస్తకములో లేదు. పిల్లలకు నేర్పవలసినదంతయు ఆ నడుమనే యున్నది.

రష్యాలో మార్షాక్ 1920లలో మొదలిడి తరువాత పెంచి వ్రాసిన పిల్లి యిల్లు మరియొక తీరు. అందు ధనికురాలైన పిల్లి, అనాథలైన పిల్లికూనలను గుమ్మమునుండి తరిమివేయును. ఆమె మేడ కాలిపోవును. పిమ్మట ఆ కూనల గుడిసెయే ఆమెకు దిక్కగును. చక్కని కథ, నాటకముగా ఆడిన కొలది రక్తి కట్టునది. కాని అందలి నిప్పు శిక్షాస్వరూపము. గర్వించినవారి యిల్లు కాలెననుట ధర్మబోధకు ఒప్పును గాని అగ్నిబోధకు ఒప్పదు. మన పల్లెలలో వేసవినాడు పడమటిగాలికి తాటాకిండ్ల వరుస అంటుకొన్నప్పుడు మంచివాని యిల్లు విడిచి చెడ్డవాని యిల్లు కాలిన ఉదాహరణము ఎవరును ఎరుగరు. నిప్పు దుష్టులను వెదకికొని వచ్చునని నమ్మిన పిల్లవాడు తన్ను తాను మంచివానిగా భావించినంతకాలము భయపడడు. ఏదో తప్పు చేసిననాడు మాత్రము నిప్పును చూచి పెద్దలకు చెప్పక దాగును. ఈ రెండవది మరింత ప్రమాదకరము.

అమెరికాలోని ఎలుగుబంటి వేరు. 1942లో బాంబీ అను జింకపిల్ల చలనచిత్రము వచ్చిన పిమ్మట అడవిమంటల నివారణకు ఆ జింకను ఒక్క యేడు ఎరువు తెచ్చుకొని, 1944లో దాని స్థానమున స్మోకీ యను ఎలుగుబంటిని నిలిపిరి. మొదటి చిత్రములో అది బకెట్టుతో నీరుపోసి చలిమంటను ఆర్పుచుండును. 1950లో న్యూమెక్సికోలోని ఒక అడవిమంటలో కాళ్లు కాలిన ఎలుగుపిల్ల నిజముగా దొరుకగా దానికి ఆ పేరే పెట్టి వాషింగ్టను జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. అది 1976 వరకు జీవించెను. ఇచ్చట జంతువు ఏడ్వదు, శిక్షింపబడదు. ఒక పని చేయును. ఆ పని చూపరి కూడ చేయదగినదే. ప్రచారముగా అది విజయము పొందుటకు కారణమిదియే యని మా అభిప్రాయము. ఐనను అడవిలోని ప్రతిమంటయు చెడ్డదే యను భావమును అది వ్యాపింపజేసెనని తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. 2001లో దాని నినాదమున ఒక మాటను మార్చవలసి వచ్చినది. ఒక్క జంతువునకు ఒక్క మాటనే అప్పగించుటలో నున్న చిక్కు ఇది.

ఇక మన కథలకు వత్తుము. తెలుగు బిడ్డ మనస్సున మొదట ముద్రపడు అగ్నిచిత్రమేది? తోక మండుచుండగా లంకపై ఎగురుచున్న హనుమంతుడు. గోడబొమ్మలలోను, కాలెండర్లలోను, చందమామ నాటినుండి నేటి అట్టపుస్తకములవరకు పిల్లలకథలలోను ఆ బొమ్మయే. దానిని తీసివేయుమని చెప్పునంతటి అరసికులము కాము. కాని వాల్మీకి సుందరకాండలో ఆ ఘట్టము అచ్చటితో ముగియలేదు. లంక కాలిన పిమ్మట హనుమంతుడు సముద్రమున తోకను చల్లార్చుకొని, సీత కూడ ఈ మంటలలో చిక్కినదేమో, కోపమున నేనెంత పని చేసితినో యని ఒక సర్గయంతయు పశ్చాత్తాపపడును. నిప్పు తన చేతిలో నున్నంతవరకే తనది. విడిచినతోడనే అది యెవరిదియు కాదు. ఈ గ్రహింపు ఆ సర్గలో నున్నది. మన బొమ్మలపుస్తకములలో ఆ పుట మాత్రము మేము చూడలేదు. వీరునికి పశ్చాత్తాపమేమి యని చిత్రకారులు విడిచిరేమో! పిల్లలకు కావలసిన పుట అదియే.

పంచతంత్రమున అపరీక్షితకారకమున ఒక పొట్టేలి కథ కలదు. రాజుగారి వంటశాలలో అది రేయింబవళ్లు జొరబడి కంటికగపడినదెల్ల తినుచుండును. వంటవారు చేతికందిన దానితో దానిని కొట్టుచుందురు. కపియూథమునకు పెద్దయైన వానరము దీనిని చూచి, ఈ జగడము మన చావునకు వచ్చును, పోవుదము రండని తనవారికి చెప్పును, అవి వినవు. ఒకనాడు వంటవాడు మరేదియు దొరకక మండుచున్న కొరివితో కొట్టును. ఉన్ని అంటుకొన్న పొట్టేలు అరచుచు ప్రక్కనున్న గుఱ్ఱపుసాలలోనికి దూరి నేలపై దొర్లును. ఆ నేలయంతయు గడ్డి. సాల కాలును, గుఱ్ఱములు కాలును. వాని కాలిన గాయములకు కోతిక్రొవ్వు మందని వైద్యులు చెప్పగా కోతులు చచ్చును. ఈ కథను విష్ణుశర్మ చెప్పినది అగ్నిని గూర్చి కాదు. ఐనను నిప్పు ప్రయాణము చేయు తీరును ఇంత శాస్త్రీయముగా చూపిన కథ మరియొకటి మాకు తెలియదు. పొయ్యినుండి కొరివికి, కొరివినుండి ఉన్నికి, ఉన్నినుండి గడ్డికి. పిల్లలెరిగిన ఏడుచేపల కథలో కారణమునకు కారణము వెదకికొనుచు చీమవరకు పోవు గొలుసు ఉన్నది చూడుడు, దానివంటి గొలుసే ఇది; కాకపోతే ముందుకు సాగునది. ఇంకొక విశేషము. అంటుకొన్నప్పుడు నేలపై దొర్లవలెనను నేటి సూత్రమును ఆ పొట్టేలు ఎవరును చెప్పకయే పాటించినది. పాటించియు లోకమును కాల్చినది. దొర్లుటకు ముందు పరుగెత్తుటయు, దొర్లిన చోటు గడ్డి యగుటయు దాని తప్పు. నిలు, పడు, దొర్లు అని మూడు మాటలుగా నేర్పుటలో మొదటి మాట ఎందుకు మొదటిదో వివరించుటకు ఇంతకంటె మంచి కథ వెదకికొన పనిలేదు. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదములతో ఆగుటచేత ఇట్టి కథలు ఆ గ్రంథముద్వారా మన బడులకు చేరలేదు. చేరియుండినను వానిని కోపతాపముల నీతికే చదివియుందుము.

కాకోలూకీయము ఇంతకంటె దారుణము. కాకులకును గుడ్లగూబలకును వైరము. స్థిరజీవి యను ముసలి కాకి శరణార్థివలె నటించి గూబల గుహకడ చేరును. గూడు కట్టుకొందునను నెపమున దినమునకొక పుల్ల చొప్పున తెచ్చి పోగుచేయును. రక్తాక్షుడను ఒక్క మంత్రి తప్ప గూబలెవరును దీనిలోని అపాయమును గుర్తింపరు. ఒక పగటివేళ కాకులన్నియు తలకొక పుల్ల తెచ్చి గుహద్వారమున వేయగా అది మండును. వెలుపలికి మార్గము లేక గూబలు లోపలనే చచ్చును. రాజనీతి మాట అటుంచి, కథ చెప్పునదేమి? గుహకు ద్వారమొక్కటే. ఆ ద్వారమునొద్ద వంటచెరకు నానాటికి పెరుగుచున్నది. లోపలివారు ప్రతిదినము దానిని చూచుచునే యున్నారు.

గుంటూరు మెరకపొలములలో పత్తి యేరుట ముగిసిన పిమ్మట కట్టెను పెరికి మోపులు కట్టి ఇంటికి తెచ్చుకొను అలవాటున్నది. మిరపకట్టెయు అంతే. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాత కూడ నీళ్లు కాచుకొనుటకు పెక్కిండ్లలో అదియే వాడుక. ఆ మోపులు వేయుచోటు ఇంటి వెనుక తలుపుకడ. మునుపటి తాటాకిల్లు సులభముగ కాలెడిది గాని నలుదిక్కుల తడికెయే గనుక త్రోసికొని వెలికి రావచ్చును. ఇప్పటి సిమెంటుకప్పు ఇల్లు కాలదు. కాని కిటికీలకు ఇనుపచువ్వలు, ముందు వరండాకు జాలీ, జాలీకి రాత్రివేళ తాళము. గూబల గుహ యనదగినది ఇదియే. పత్తిని గూర్చి ఇంకొక మాట. మంట ఆరినట్లు కనబడినను పత్తిబేలు లోలోపల రాజుచు గంటలకొలది యుండును. నివురుగప్పిన నిప్పు అను మన పలుకుబడికి దానికంటె మంచి ఉదాహరణము లేదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడలో మందుగుండుతోపాటు నింపినది పత్తిబేళ్లనే; నిప్పు పుట్టినదియు ఆ పత్తిలోనే. అరువదిమందికి పైగా అగ్నిమాపకసిబ్బంది అందు మరణించిరి. వారి స్మారకముగనే ప్రతియేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతట అగ్నిమాపకవారము జరుగును. మన రాష్ట్రమున అది ఒంటిపూట బడుల కాలము, సంవత్సరాంతపరీక్షల కాలము. శకటమును చూచి పిల్లలు సంతోషింతురు. గంట మ్రోగించి మురియుదురు. తరువాత వేసవి సెలవులు.

కథాచర్చకు మరలుదము. నన్నయ ఆదిపర్వమున ఎనిమిదవ ఆశ్వాసములో ఖాండవదహనసందర్భమున మందపాలోపాఖ్యానము వచ్చును. అడవి కాలుచున్నది. జరిత యను శార్ఙ్గకపక్షి తన నలుగురు పిల్లలతో చిక్కుకొన్నది. పిల్లలకు ఇంకను రెక్కలు రాలేదు. అందరిని మోసికొని పోవు శక్తి తల్లికి లేదు. ఎలుకకన్నములో దూరుడు, పైన మన్ను కప్పెదను, మంట చల్లారిన పిమ్మట వచ్చి తీసికొందును అని తల్లి చెప్పును. పిల్లలు ఒప్పుకొనరు. కన్నములో ఎలుక తినుట నిశ్చయము. ఇచ్చట గాలి మరలిన మంట ప్రక్కకు పోవచ్చును. నిశ్చయమైన చావుకంటె సందిగ్ధమైన చావు మేలు. నీవు పొమ్ము, నీవు బ్రదికిన వంశము నిలుచును అని తల్లికే బోధింతురు. తుదకు ఆ పిల్లలు అగ్నిని స్తుతింపగా, తండ్రికిచ్చిన మాటవలన అగ్ని వారిని విడిచిపెట్టును. సంభాషణయందు ఇంతటి కరుణయు, ఇంతటి తర్కమును కలిసిన ఘట్టములు భారతమున అరుదు. జాతకములలోని లావుకపిట్టపిల్ల కథయు ఇట్టిదే. రెక్కలును కాళ్లును పనికిరాని పసిపిట్ట సత్యవాక్కుచే దావాగ్నిని మరలించును.

ఈ కథలను పిల్లలకు చెప్పవలదని మేమెన్నడును అనము. కాని అగ్నిభద్రతకు పుస్తకము వ్రాయువారు వీనిని ఎన్నుకొనునప్పుడు జాగరూకులై యుండవలెను. వీనిలో రక్షించినది ప్రార్థన. రక్షణపద్ధతి ఉన్నచోట ఉండుట. నిజమైన మంటలలో చిన్నపిల్లలు చేయు పని సరిగా ఇదియే. భయపడి మంచము క్రిందను, బీరువాలోను, దుప్పటిలోను దాగి కదలక యుందురు. వెదకువారికి పొగలో కనబడరు. జ్వాలకంటె ముందు పొగయే ప్రాణము తీయును. శార్ఙ్గకములు కన్నమును నిరాకరించుటలో చూపిన వివేకమును మెచ్చుకొనుచునే, అవి గూటిలో నిలిచిన సంగతిని పిల్లలకు ఆదర్శముగ చూపలేము.

అట్లయిన మన వాఙ్మయమున సరియైన నమూనా లేదా? ఉన్నది. అది కథకూడ కాదు. పొడుపువంటి ఒక మాట. పాండవులు వారణావతమునకు పోవుచుండగా విదురుడు ధర్మరాజునకు మాత్రమే తెలియునట్లు గూఢభాషలో ఉపదేశించిన ఘట్టము వ్యాసభారతమున ప్రసిద్ధము. ఎండుకట్టెను, అడవిని కాల్చునది బొరియలో నుండువానిని కాల్చదనియు, ఏదుపంది నెలవువంటి దానిని ఆశ్రయించినవాడు అగ్నినుండి తప్పించుకొనుననియు, తిరిగిన కొలది దారులు తెలియుననియు, నక్షత్రములవలన దిక్కులు తెలియుననియు దాని సారము. ఏదుపందియే ఎందుకు? దాని బొరియకు మార్గములు పెక్కు. ఒకదానిలో పొగ వచ్చినచో వేరొకదానినుండి పోవును. అగ్నిభద్రతను ఒక జంతువు ద్వారా బోధించిన మాటలలో ఇంతకంటె పొదుపైనది, సరియైనది మేమెరుగము. అందు భయము లేదు, శిక్ష లేదు, ఏడ్పు లేదు. ఒక ప్రాణి యిల్లు ఎట్లుండునో చెప్పి ఊరకుండెను.

అంతకంటె ముఖ్యమైనది తరువాతి కథ. ధర్మరాజు అర్థమైనదని చెప్పి ఊరకుండలేదు. అందరి నడుమ విదురుడు చెప్పినదేమి, మాకు తెలియలేదే యని కుంతి అడుగగా వివరించెను. ఖనకుడు వచ్చి బిలమును త్రవ్వెను. పాండవులు పగలు వేటనెపమున అడవియంతయు తిరిగి దారులు నేర్చుకొనిరి. రాత్రులు ఆయుధములతో మెలకువగనుండిరి. మాట, వివరణ, ద్వారనిర్మాణము, మరల మరల నడచి చూచుట. అగ్నిమాపకశాఖ నేడు పాఠశాలలలో చేయింపవలెనని కోరు అభ్యాసము ఇదియే గదా. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను సామెతకు సరిగా ఎదురుగా నిలుచు కథ లక్కయిల్లు. అచ్చట ఇల్లు కాలుటకు నెలలకు ముందే త్రవ్వకము ముగిసినది.

ఐతే ఆ రాత్రి ఆ యింట ఏమియు నెరుగని ఆరుగురు కూడ కాలి చచ్చిరి. విందుకు వచ్చి తిని త్రాగి నిద్రించిన నిషాదస్త్రీయు, ఆమె కుమారులైదుగురును. విదురుని మాట వారికి అందలేదు. బిలము సంగతి వారెరుగరు. ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల, మిరపకోతల కాలమున దూరపుజిల్లాలనుండి ఈ సీమకు వచ్చి కళ్లములప్రక్క పట్టలును ఆకులును కప్పిన పాకలలో నెలలకొలది యుండు కూలీల పిల్లలు మా కన్నులకు కట్టుదురు. వారి వంట మూడు రాళ్లపొయ్యిపైన, పడక ఆ పొయ్యిప్రక్కన. బొమ్మలపుస్తకము చేరవలసిన మొదటి గడప అది. అచ్చునకు వచ్చుచున్న అందమైన పుస్తకములు చేరుచున్నది మరెచ్చటికో. అందులోని యిల్లు మేడ. ఆ మేడలో పొగ వాసనపట్టు యంత్రము పైకప్పున మ్రోగును. మూలమేదో పరభాషది, జంతువులు మాత్రము తెలుగు మాటలాడును.

భాషను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. మా దృష్టికి వచ్చిన తెలుగు పుస్తకములలో ఎల్లచోట్ల మంట యను ఒక్క మాటయే వాడుచున్నారు. తెలుగున రవ్వ, సెగ, కొరివి, నివురు, పొగ, ఆవిరి, కమురువాసన అని ఎన్నేసి పలుకులున్నవి! ఇవి కవితాలంకారములు కావు. అపాయపు మెట్లకు పేర్లు. రవ్వకు చేయవలసినది వేరు, సెగకు చేయవలసినది వేరు. కమురువాసన అను మాట ఎరిగిన పిల్లవాడు మంట కనబడకముందే అమ్మను పిలుచును. తలుపు మూసియున్నచో చేతి వెనుకభాగమున తాకి సెగ చూడవలెనని నేర్పుటకు సెగ యను మాటయే లేకున్న ఎట్లు? చిత్రకారులదియు ఇట్టి లోపమే. ఎఱుపు, పసుపు రంగుల జ్వాలలే గాని పుట నిండ నల్లని పొగను గీచి, అడుగున జానెడు తెల్లని చోటు విడిచి, అందు ప్రాకుచున్న ప్రాణిని చూపిన బొమ్మను మేమింకను చూడలేదు. పొగ పైకి పోవును, గాలి క్రింద నుండును అను శాస్త్రమంతయు ఆ జానెడు తెలుపులో నున్నది.

ఇటీవల మా పరిశోధకవిద్యార్థిని యొకతె ఈ విషయమున బొమ్మలు గీయ పూనుకొనగా ఆమెతో కలిసి పెదకాకానిలో కొందరు చిన్నపిల్లల నడుమ ఒక సాయంకాలము కూర్చుంటిమి. మొదట ఆమె, తొండముతో నీరు చిమ్మి అడవిమంటను ఆర్పిన ఏనుగు కథ చెప్పినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. "మరి మీ ఇంట్లో మంట వస్తే ఏం చేస్తారు?" అని అడిగినది. "ఏనుగును పిలుస్తాం టీచర్!" అని ఒకతె. "నేనే నీళ్లు పోసి ఆర్పేస్తా" అని వేరొకడు. "మంచం కిందికి దూరిపోతా" అని మూడవవాడు. 101కు ఫోను చేయవలెనని గాని, అసలు వెలుపలికి పోవలెనని గాని ఒక్కరును అనలేదు. తప్పు పిల్లలది కాదు. కథ చెప్పినదానినే వారు తిరిగి చెప్పిరి. నీరు ఆర్పునని కథ చెప్పినది. నూనెమూకుడు అంటుకొన్నను, కరెంటు తీగ అంటుకొన్నను ఆ పిల్లవాడు నీరే పోయును.

ఆపైన ఆమె ఏదుపంది బొమ్మ చూపినది. ముళ్ల అందమునకు పిల్లలు ముగ్ధులైరి గాని ఎవరును దానిని ఎరుగరు. ఈ నల్లరేగడిసీమలో దానినెట్లు ఎరుగుదురు? విదురుని ఉపమానము ఇచ్చట పనిచేయలేదు. అప్పుడు మాకు పందికొక్కు తోచినది. పొలము గట్లలో కన్నములు పెట్టి ధాన్యమును దాచు ఆ జీవిని ఎరుగని రైతుబిడ్డ ఈ ప్రాంతమున లేడు. దానిని పట్టువారు కుండతో కన్నములోనికి పొగ ఊదుట పిల్లలందరకును చూచిన వేడుక.

"పందికొక్కు కన్నంలో పొగబెడితే ఏమవుద్ది?" అని యడిగితిమి.

"ఇంకో కన్నంలోంచి పారిపోద్ది సార్. అందుకే మా తాత రెండో కన్నం ముందే మూసేస్తాడు."

"మరి మీ ఇంటికి ఎన్ని కన్నాలు?"

పిల్లలు పకపక నవ్విరి. పిమ్మట ఒక్కొక్కరే వ్రేళ్లు మడచి లెక్కింపసాగిరి. ముందు వాకిలి. జాలీ తలుపు. కొందరికి అంతటితో సరి. ఆ తాతగారి మనుమడు మాత్రము కొంత తడవు ఆలోచించి, "వెనకాల ఇంకో తలుపుంది సార్, దానికడ్డంగా పత్తికట్టె వేశారు" అనెను. మా విద్యార్థిని ఏనుగు బొమ్మను ప్రక్కన పెట్టి, క్రొత్త కాగితముపై ఆ తలుపును, ఆ కట్టెమోపును గీయ నారంభించినది.